తీసేసిన నలభై ఒక్కటి

రాళ్ళేరడంలో నూకరత్నాన్ని మించినవాళ్ళు లోతు కేంద్రంలో లేరు. బియ్యంలో రాళ్ళు కాదు, లెక్కల్లో రాళ్ళు.

భీమిలికి ఉత్తరంగా, సముద్రపు ఒడ్డున ఆ కేంద్రం వెలిసి మూడేళ్ళయింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని లోతాఫీసు అంటారు. మనిషిని సముద్రగర్భంలో బతికించాలని అక్కడివాళ్ళు పంతం పట్టి కూర్చున్నారు. అందుకోసం ప్రాణద్రవం అని ఒకటి కనిపెట్టారు. చూడ్డానికి గంజి మీది తేటలా ఉంటుంది. దాన్ని ఊపిరితిత్తుల నిండా నింపుతారు. ఇక గాలితో పనిలేదు, ఒంటికి కావలసిన ప్రాణవాయువు ఆ ద్రవంలోంచే అందుతుంది. లోపల గాలి లేదు కాబట్టి సముద్రం ఎంత నొక్కినా ఛాతీ నలగదు. వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, ఒడ్డున కట్టిన తొట్టిలో అలా మునిగినవాళ్ళు, లేచినవాళ్ళు, ఇంటికెళ్ళి చేపల పులుసుతో అన్నం తిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

అయితే ఆ ద్రవం అందరికీ పడదు. ఎవరికి పడుతుందో ముందే తేల్చడానికి ఒక యంత్రం ఉంది. దాని పేరు జల్లెడ. తొట్టిలో మునిగిన ప్రతిసారీ మనిషి ఛాతీకి కట్టిన పట్టీ ఏడు అంకెలు పంపుతుంది: గుండె వేగం, రక్తంలో ప్రాణవాయువు, ఒంటి వేడి, ఇలాంటివి. ఏడంకెలూ కలిస్తే ఒక వరస. వందల వరసలు పోగుపడితే ఒక గుంపు తయారవుతుంది, నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా. నడుమన నిలిచినవాడు సముద్రంలోకి దిగొచ్చు. అంచుకి పోయినవాడు ఒడ్డునే ఉండాలి. ఇంతే జల్లెడ చేసే పని. కానీ ఒక షరతుంది. ఆ గుంపు నిజంగానే గుడిగంట ఆకారంలో ఉండాలి, అదీ ఏడంకెల్నీ కలిపి చూసినప్పుడు. లేకపోతే నడుమ ఏదో, అంచు ఏదో జల్లెడకి తెలియదు. గుంపు ఆకారం పరీక్షించి సంతకం పెట్టే ఉద్యోగం నూకరత్నానిది. చేపల వేటకెళ్ళే ఇళ్ళ నుంచి వెళ్ళి విశాఖపట్నంలో గణాంకశాస్త్రం చదివిన మొదటి పిల్ల ఆమే.

అప్పుడప్పుడూ ఒక వరస గుంపుని వదిలేసి ఎక్కడో దూరంగా పడేది. చూస్తే గుండె నెమ్మదించి ఉంటుంది, ప్రాణవాయువు మాత్రం పెరిగి ఉంటుంది. అదెలా కుదురుతుంది? మామూలుగా ఆ రెండూ కలిసే దిగుతాయి, కలిసే ఎక్కుతాయి. పట్టీ జారి తప్పు అంకె పంపి ఉంటుందని నూకరత్నం ఆ వరస తీసి పక్కన పారేసేది. దాన్నే ఆఫీసులో రాళ్ళేరడం అనేవారు. సాయంత్రం కాగానే పెద్దాయన, డాక్టర్ ఆచంట విశ్వపతిగారు, కళ్ళజోడు నుదుటికి నెట్టి "రాళ్ళేరేశావా రత్నం?" అని అడగడం, "ఏరేశాను సార్" అని ఆమె చెప్పడం మూడేళ్ళుగా మామూలైపోయింది. ఏరాక పరీక్షిస్తే గుంపు ముత్యంలా ఉండేది. ఆయన మురిసిపోయేవాడు, ఆమె సంతకం పెట్టేది.

ఆ సంతకం మీదే ఆ ఉదయం ఆరింటికి ఎనిమిదిమంది ఇనపగుండులో కూర్చుని సముద్రంలోకి దిగారు. తొమ్మిదివందల మీటర్లు వాళ్ళ గమ్యం. ఆ ఎనిమిదిమందిలో ఒకడు ఎల్లాజీ, నూకరత్నం తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి ఒళ్ళో వేసుకుని పెంచింది ఆమే. వారం కిందట "దిగీమంతావా అప్పా?" అని అక్కని వాడే అడిగాడు.

"జల్లెడ నిన్ను నడిమజ్జన నిలబెట్టింది కదరా. బెంగేటి? దిగు" అంది.

గుండు నిమిషానికి మీటరు చొప్పున దిగుతుంది. నాలుగువందల మీటర్ల దగ్గర రెండోసారి ద్రవం నింపుతారు, ఇంకా చిక్కనిది. అది నిండాక మూడు రోజులదాకా మనిషిని పైకి తేవడం ఎవరి తరమూ కాదు. ఆ లోపల అయితే ఏ వేళకైనా తేవచ్చు. అంటే మధ్యాహ్నం పన్నెండు నలభై లోపల. ఆ సమయం నూకరత్నానికి కంఠతా తెలుసు. ఉదయాన మాత్రం దాన్ని గురించి ఆలోచించే అవసరం ఆమెకి కనపడలేదు.

తమ్ముణ్ణి సాగనంపి, ఎనిమిదింటికి మరదలు, ఎల్లాజీ భార్య కొండమ్మతో కలిసి ఒడ్డున చేపల వేలంపాటకి వెళ్ళింది. ఎల్లాజీ వచ్చేసరికి ఉప్పుచేప వేసి ఉంచాలని కొండమ్మ ఆరాటం. పాటగాడు వంజరాన్ని తక్కెడలో వేసి "మూడడుగులు! మూడు కిలోలు!" అని అరిచాడు. కొండమ్మ దాన్ని చేత్తో ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ కింద పెట్టేసింది.

"నాకొద్దు."

"ఏటమ్మా, పొడుగు బాగోనేదా? బరువు బాగోనేదా?" అన్నాడు పాటగాడు.

"మూడడుగుల వంజరం రోజూ వొత్తాది. మూడు కిలోల వంజరమూ రోజూ వొత్తాది. మూడడుగులుండి మూడు కిలోలేటి? ఐదైనా తూగాల."

"తక్కెడ తేడా సేసిందేమో!"

"తక్కెడ తేడా సేత్తే పక్క సేపకీ సెయ్యాల కదేటి? తక్కెడకేటీ అవనేదు. సేపకే ఏటో అయినాది. పొట్టలో పురుగున్నాదో ఏటో. తియ్యి, తియ్యి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. నవ్వుతూనే ఎందుకో నోరు ఎండిపోయింది. ఏమిటో అర్థం కాలేదు. పొద్దున్నే టీ తాగలేదు కదా, అందుకేననుకుంది.

టీ బడ్డీ దగ్గర దానయ్య కనిపించాడు. కిందటేడు ఆరువందల మీటర్లు రెండుసార్లు దిగొచ్చిన మొనగాడు. ఆరునెలల కిందట పని మానేశాడు, ఆఫీసు పుస్తకంలో "సొంత కారణాలు" అని ఉంది. ఇప్పుడు గ్లాసు రెండు అరచేతుల నడుమ అదిమిపట్టి, మూతి దాని దగ్గరకి వంచి తాగుతున్నాడు.

"అదేటన్నా, సేతులకేటైనాది?" అని అడిగింది నూకరత్నం.

"ఏళ్ళు ముడవలేకపోతన్నానమ్మా. ముందు ఒక ఏలు, తరవాత అన్నీ. వల అల్లలేను, బొత్తాం పెట్టుకోలేను. మీ వొదిన అన్నం కలిపి ముద్దలు పెడతన్నాది." అంటూ నవ్వబోయాడు. "గంగమ్మ కోపమంతారు మనోళ్ళు. లోతాఫీసోళ్ళేమో మెషీను నిన్ను బాగున్నావంటన్నాది, మాకేటీ సంబందం నేదన్నారు. ఇదుగో, మీ మెషీనిచ్చిన చీటీయే. సూడు."

జేబులోంచి ప్లాస్టిక్ కవరు మోచేత్తో నెట్టి ఇచ్చాడు. తొట్టి శిక్షణ నాటి చీటీ అది. ఏడంకెలు. నూకరత్నం ఒక్కొక్కటే చూసింది. గుండె వేగం తక్కువే, గానీ అంత తక్కువ చాలామందికి ఉంటుంది. ప్రాణవాయువు ఎక్కువే, గానీ అంత ఎక్కువ కూడా చాలామందికి ఉంటుంది. ఏ అంకెకి ఆ అంకె బాగానే ఉంది.

గుండె అంత నెమ్మదించిన మనిషికి ఆ ప్రాణవాయువు ఎలా వచ్చింది?

అప్పుడు తెలిసింది నోరెందుకు ఎండిపోయిందో. కొండమ్మ చేపని అనుమానించింది. తను మూడేళ్ళుగా తక్కెడని అనుమానిస్తూ వచ్చింది.

"ఏటైనాది వొదినా? మొకం అలగైపోనాదేటి?" అంది కొండమ్మ.

"నువ్వు ఇంటికెల్లు. ఫోను సేతిలోనే ఉంచుకో" అని, చీటీ పట్టుకుని ఆటో ఎక్కింది.

ఆమె ఆఫీసులో అడుగుపెట్టేసరికి తొమ్మిదిన్నర. గోడ మీది తెర 210 మీటర్ల లోతు చూపిస్తోంది. పక్కన ఎనిమిది పేర్లు, ఎనిమిది పచ్చదీపాలు. పలకరించినవాళ్ళకి బదులివ్వకుండా తన కంప్యూటరు ముందు కూర్చుంది. తీసిపారేసిన వరసలన్నీ అందులోనే ఒక ఫోల్డరులో, ఆమె సంచి అని పిలిచేదాంట్లో, పడి ఉన్నాయి, తెరిచింది. మొత్తం నలభై ఒకటి. దానయ్య చీటీ తారీఖు వెతికితే అందులోనే దొరికింది. పక్కన తన రాత: "పట్టీ జారింది."

జారిందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పోయి చూసిందా? చూడలేదు. కుర్చీలో కూర్చునే రాసేసింది.

అట్టిపెట్టిన మూడువందల పన్నెండు వరసలకి ఆ నలభై ఒకటీ కలిపింది. ముందు ఏడంకెల్నీ దేనికది విడిగా పరీక్షించింది. ఏడూ గుడిగంటలే, వంక పెట్టడానికి లేదు. తరవాత ఉమ్మడి పరీక్ష. మార్డియా పరీక్ష అంటారు దాన్ని. అది గుంపుని రెండే ప్రశ్నలు అడుగుతుంది: నువ్వు ఒక పక్కకి వాలావా? నీ అంచుల్లో ఉండవలసినంతమందే ఉన్నారా? మొదటిదానికి గుంపు బుద్ధిగా జవాబు చెప్పింది, ఎటూ వాలలేదు. రెండోదానికి, ఏడంకెల గుంపైతే అరవైమూడు చుట్టూ రావాలి. రాళ్ళేరిన గుంపుకి ఇన్నాళ్ళూ అరవైరెండున్నర వచ్చేది.

డెబ్బైఒకటి వచ్చింది.

ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ డెబ్బైఒకటే. గుండె వేగాన్నీ ప్రాణవాయువునీ తీసుకుని బొమ్మ గీయించింది. కోడిగుడ్డులా ఏటవాలుగా ఉండవలసిన గుంపు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు కర్రల్లా తెర మీద పరుచుకుంది. లావు కర్ర అందరిదీ. సన్నకర్ర కొందరిది. రెండు కర్రలూ దాటుకునేచోట ఎవరిది ఏ కర్రో తెలీదు. సన్నకర్ర కొసలు రెండూ తను తీసిపారేసిన నలభై ఒకటే.

ఓరి నాయనో! కొసలు నరికేసి, మిగిలింది చూసి ముత్యమని సంబరపడ్డారా ఇన్నాళ్ళూ!

సన్నకర్ర మీద ఎవరెవరున్నారో పేర్లు తీసింది. తొమ్మిదిమంది. ఆరో పేరు దానయ్యది. తొమ్మిదోది చదివి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. ఎల్లాజీ తొట్టిలో పదిసార్లు మునిగాడు. ఆ పదిట్లో ఆరు వరసలు సంచిలోనే ఉన్నాయి. మిగిలిన నాలుగూ కర్రలు దాటుకునేచోట పడ్డాయి. ఆ నాలుగు చూసే జల్లెడ వాణ్ణి నడిమధ్యన నిలబెట్టింది. వాడి వరసలు ఏరేటప్పుడు ఆమె రెండోసారి చూసిన పాపాన కూడా పోలేదు. చిన్నప్పుడు లాగు బొత్తాం పెట్టుకోనివాడు ఛాతీపట్టీ ఏం బిగిస్తాడని, విసుక్కుంటూ ముద్దుచేసుకుంటూ తీసిపారేసింది. వేరేవాళ్ళ వరసలకి కనీసం ఒక్క క్షణం ఆగింది. సొంత తమ్ముడివాటికి అదీ లేదు.

తెర మీద 301.

విశ్వపతిగారి గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళిపోయింది. ఆయన మంచివాడే. వాళ్ళలో ఎవరికి జ్వరమొచ్చినా నిద్రపోని మనిషి. కాగితాలు చూశాడు, కళ్ళజోడు నుదుటికి నెట్టాడు, మళ్ళీ కిందకి దించాడు.

"చూడమ్మా రత్నం. వరసలు పెరిగేకొద్దీ ఈ పరీక్ష చాదస్తంగా తయారవుతుంది. నూలుపోగంత తేడా ఉన్నా తప్పు తప్పని అరుస్తుంది. అచ్చంగా గుడిగంటలా ఉండే గుంపు పుస్తకంలో తప్ప ఎక్కడుంది? ఆ మాట నాకు చెప్పింది నువ్వే."

"చెప్పాను సార్. అరవైఐదు వచ్చి ఉంటే నేనే పట్టించుకునేదాన్ని కాదు. డెబ్బైఒకటి సార్. పైగా ఇది తేడా కాదు, రెండు వేరువేరు రకాల మనుషులు. కొందరి ఊపిరితిత్తుల గోడ దాటి ద్రవం రక్తంలోకి పోతోందని నా అనుమానం. ఆ ద్రవం నిండా ప్రాణవాయువే కదా, అందుకే అంకె పెరుగుతోంది. గుండెకి మాత్రం లోపలేదో తేడా చేసిందని తెలుసు, నెమ్మదిస్తోంది. రక్తంలో కలిసిన ద్రవం నరాలకి చేరితే ఏమవుతుందో పొద్దున్న టీ బడ్డీ దగ్గర చూసి వచ్చాను."

"ఒక్క దానయ్య. ఒక్కణ్ణి చూసి..."

"ఈ తొమ్మిదిమందిలో నాలుగువందలు దాటి దిగినవాళ్ళు నలుగురు. నలుగురూ పని మానేశారు. నలుగురికీ సొంత కారణాలేనా సార్?"

నూకరత్నం కొండమ్మకి ఫోను చేసింది. మూడు పేర్లు చెప్పి, "ఆళ్ళ ఇల్లకి బేగి ఎల్లు. బొటనేలితో మిగతా ఏళ్ళు ముట్టుకోమను. అందుతున్నాయో నేదో సూసి సెప్పు. ఎందుకని అడక్కు" అంది.

తరవాత ఆ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన బల్ల మీది నీళ్ళసీసా మూత తిప్పుతూ, బిగిస్తూ ఉన్నాడు. ఇప్పటికి రెండుసార్లు ప్రయోగం సగంలో ఆగింది. మూడోసారి ఆగితే కేంద్రం మూసేస్తామని పైవాళ్ళు కాగితం పంపారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసని ఆయనకీ తెలుసు. తెర 345 దాటింది. 352. 360. తను పెట్టిన సంతకం మీద వాడు దిగుతున్నాడు, తను "బెంగేటి?" అన్న ధైర్యంతో దిగుతున్నాడు.

371 దగ్గర ఫోను మోగింది. కొండమ్మ ఒగరుస్తోంది.

"వొదినా! అందరికీ ఒకటే. ఏలు ముడుసుకోట్లేదు. సింహాద్రన్నకైతే సెంచా కూడా పట్టడానికి నేదు. ఆడు ఏడుత్తన్నాడు వొదినా, ఇంట్లోవోళ్ళు తాగి పాడైపోనావని తిడతన్నారట." ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడంలోనే ఆ పిల్లకి తెలిసిపోయింది. "వొదినా, మరి ఈయనెందులో ఉన్నాడు?"

నూకరత్నం తెర మీద తమ్ముడి పేరు పక్కన పచ్చదీపం వైపు చూసింది.

"వొదినా, నిన్నే. నా మొగుడెందులో ఉన్నాడు?"

"ఆళ్ళలోనే ఉన్నాడే. పైకి తెత్తాను. నువ్వు ఇక్కడికొచ్చీ" అని ఫోను పెట్టేసింది.

విశ్వపతిగారు అంతా విన్నాడు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "ఆపాలంటే జల్లెడ నమ్మదగ్గది కాదని నువ్వు రాసివ్వాలి. కారణం రాయాలి. రాళ్ళు ఏరింది నువ్వని అందులో వస్తుంది. విచారణ వేస్తారు. ఇక నీకెక్కడా..." అని ఆగి, గొంతు తగ్గించాడు. "వాతావరణం బాగాలేదని కూడా రాయొచ్చు. గుండు ఆగుతుంది, నీ మీదికేమీ రాదు. నేను చూసుకుంటాను."

ఆమె కాగితం దగ్గరకి లాక్కుంది. నిజం చెప్పొద్దూ, మనసు లాగింది. వాతావరణమని రాస్తే తమ్ముడూ పైకొస్తాడు, ఉద్యోగమూ ఉంటుంది. కానీ వాతావరణం బాగుపడిన మర్నాడు అదే జల్లెడ ఇంకెవణ్ణో నడిమధ్యన నిలబెడుతుంది. సింహాద్రిని ఇంట్లోవాళ్ళు తాగుబోతనే తిడుతూ ఉంటారు.

నలభై ఒక్క వరసలు తీసింది తనేనని రాసింది. ఎప్పుడెప్పుడు తీసిందో రాసింది. "ఎవరూ తీయమనలేదు" అని కూడా రాయబోతుంటే విశ్వపతిగారు చేయి అడ్డం పెట్టి, "రోజూ అడిగింది నేను. ఆ మాట కూడా రాయి" అన్నాడు. రాసింది. సంతకం పెట్టింది. ఆయన లేచి, తాళంచెవితో ఎర్రపెట్టె తెరిచి మీట దించాడు.

తెర మీద 388 దగ్గర అంకె నిలిచిపోయింది.

ద్రవం నిండిన గొంతుకి మాట ఉండదు. లోపలివాళ్ళు పలక మీద రాస్తే పైన తెర మీద కనపడుతుంది. నిమిషం గడవకుండా ఎల్లాజీ రాశాడు: "ఎందుకాపినారు? ఇంకో పన్నెండు మీటర్లే. నాను బాగున్నాను."

నూకరత్నం మీటల మీద వేళ్ళు పెట్టింది. "అప్పని. బొటనేలితో నాలుగేళ్ళూ ముట్టుకో. ఒక్కోటీ సెప్పు."

"సూపుడేలు అందింది." తెర ఖాళీగా ఉండిపోయింది. "నడిమేలు అందింది." ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. గదిలో పదిమంది తెర ముందు గుమిగూడారు.

"ఉంగరమేలు అందట్నేదు. సలికి బిగిసినట్టున్నాది."

ఆమె "సలి కాదురా" అని రాయబోయి, చెరిపేసి, "పైకి తెత్తన్నాం" అని మాత్రం రాసింది.

గుండు ఒడ్డుకి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఏడుగురు తమ కాళ్ళ మీద నడిచి బయటికొచ్చారు. ఎల్లాజీ కూడా నడిచే వచ్చాడు, గానీ తువ్వాలు పట్టుకోబోతే కుడిచేతిలోంచి జారిపోయింది. కొండమ్మ దాన్ని తీసి వాడి భుజాన వేసింది. వాడు ఆమె వైపు చూడలేదు. వైద్యుడు చేయి అటూ ఇటూ తిప్పి చూసి, రెండు వేళ్ళతో ఆగిందని, తగ్గొచ్చని, తగ్గకపోనూవచ్చని, ఇంకాస్త లోతుకి పోయి ఉంటే ఈ మాట కూడా చెప్పగలిగేవాణ్ణి కానని అన్నాడు.

కేంద్రం ఆసుపత్రి గదిలో మంచం మీద వాణ్ణి పడుకోబెట్టారు. దగ్గినప్పుడల్లా ఇంకా కొంచెం ద్రవం పడుతోంది. కొండమ్మ టీ తేవడానికి బయటికెళ్ళింది. నూకరత్నం మంచం పక్కన నిలబడి మొదట్నుంచీ చెప్పింది, సన్నకర్ర సంగతి, సంచి సంగతి, తన రాత సంగతి. వాడివి ఆరు వరసలు తీసేశానని చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగింది.

ఎల్లాజీకి మాట బొంగురుగా వచ్చింది. "ఆరుసార్లు నాను సెప్పినానన్నమాట. ఆరుసార్లూ నువ్వు ఇననేదు."

"ఇననేదురా."

"నాను పట్టీ బిగించనేదనుకున్నావు."

"అవును."

"అందరూ నన్ను ఎకసెక్కం ఆడినా, మా అప్పకి తెల్సులే అనుకునీవోణ్ణి." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోయి కుడిచేయి వదిలేసి ఎడమచేతితో తుడుచుకున్నాడు. "నాకు శానా కోపంగా ఉన్నాదప్పా."

"ఉండాల్రా. తిట్టు. కొట్టు. నీ ఇట్టం."

వాడు తిట్టలేదు. కప్పు వైపు చూస్తూ అడిగాడు. "దానయ్యన్నకి సెప్పినావా?"

"ఇంకా నేదు."

"సింహాద్రన్నకి?"

"నేదు."

"నాను పైకొచ్చినాను కదా. ఆళ్ళనెవులూ ఆపనేదు. ముందు ఆళ్ళకి సెప్పి రా. అప్పుడు నా కాడ కూకో. ఈలోగా నా మంచం కాడ నిలబడకు."

నూకరత్నం చెప్పులు వేసుకుని బయటికొచ్చింది. వరండాలో కొండమ్మ ఎదురై టీ గ్లాసు అందివ్వబోయింది, వద్దని తలూపి నడిచింది. ఒడ్డు వెంబడి ఇసకలో నడుస్తుంటే ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో మనసులో పదిసార్లు కూర్చుకుంది, పదిసార్లూ చెడింది.

దానయ్య ఇంటి తలుపు తీసే ఉంది. లోపల దీపం కింద అతను పీట మీద కూర్చున్నాడు. భార్య పోలమ్మ కంచంలో అన్నం కలిపి ముద్ద చేసి అతని నోటికి అందిస్తోంది. గుమ్మంలో మనిషి నీడ చూసి తలెత్తింది.

"ఎవులూ, రత్నమ్మా? రామ్మా, రా. ఎల్లాజీ బాబు బాగున్నాడట కదా, ఇప్పుడే ఇన్నాం. గంగమ్మ సల్లగా సూసింది. అలా నిలబడిపోనావేటి? కూకో. అన్నం తిందువు గాని, రెండు ముద్దలు" అంటూ ఇంకో పీట వాల్చింది.

దానయ్య నోట్లో ముద్దతోనే, రమ్మన్నట్టు తలాడించాడు.

నూకరత్నం పీట వైపు చూసింది గానీ కూర్చోలేదు.

"నాను సెప్పింది ఇన్నాక కూకోమంతే కూకుంటానొదినా" అని, నిలబడే మొదలుపెట్టింది.